అరచేతిలో ల్యాబ్: నీటిలో, మట్టిలో దాగిన క్రిములను పట్టే చిప్‌లు



నీళ్లు వచ్చే రోజున మన ఇళ్లలో బిందెలు, డ్రమ్ములు నింపుకుంటాం. తేటగా ఉంటే మంచి నీళ్లనుకుంటాం. మడ్డిగా ఉంటే గుడ్డతో వడగడతాం. కాని జబ్బు చేసే క్రిమికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. అద్దంలాంటి నీటిలో కూడా అది ఉండవచ్చు. రాజుల రెండవ గ్రంథములో యెరికో పట్టణస్థులు ఎలీషా ప్రవక్తతో మొరపెట్టుకున్నది ఇటువంటి సంగతే. ఊరు చూడముచ్చటగా ఉన్నా నీటిలో దోషముందని వారికి తెలిసింది. అయితే అది నీళ్లు తాగి, పంట పోగొట్టుకుని తెలుసుకున్న సంగతి.

తాగకముందే తెలుసుకోవడం ఎలా? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ శాస్త్రవేత్తలు పెద్ద ల్యాబ్‌ను గోరంత, అగ్గిపెట్టెంత చిప్‌లోకి కుదిస్తున్నారు. ఆ పని ఎంతవరకు వచ్చింది, మన జంటనగరాలకు దానితో ఏమి అవసరం, అది మన చేతికి వచ్చేలోగా మనం ఏమి చేయాలి అనేవి ఈ వ్యాసంలో చూద్దాం.

ఈ రోజు తాగిన నీటికి రేపు వచ్చే జవాబు

2009 మే నెలలో సికింద్రాబాద్ పక్కనే ఉన్న భోలక్‌పూర్‌లో జరిగింది చాలామందికి గుర్తుండే ఉంటుంది. కుళాయి నీరు కలుషితమై వందలమంది వాంతులు, విరేచనాలతో ఆసుపత్రులపాలయ్యారు. కొందరు ప్రాణాలు కోల్పోయారు.

ఇటువంటి ప్రమాదం ఎలా వస్తుంది? మన బస్తీలలో తాగునీటి పైపు, మురుగు పైపు పక్కపక్కనే పోతుంటాయి. నీళ్లు వదిలినంతసేపు తాగునీటి పైపులో ఒత్తిడి ఉంటుంది కాబట్టి పగులు ఉన్నా నీరు బయటకే కారుతుంది. సరఫరా ఆపగానే ఒత్తిడి పోతుంది. అప్పుడు అదే పగులు గుండా చుట్టూ ఉన్న మురుగు లోపలికి వస్తుంది. మరుసటిసారి నీళ్లు వదిలినప్పుడు అదంతా మన బిందెలోకి చేరుతుంది. రోజు విడిచి రోజు నీళ్లు వచ్చేచోట ఈ భయం ఎక్కువ.

నీటిని పరీక్షించే పద్ధతి లేకపోలేదు. భారత ప్రమాణాల ప్రకారం 100 మిల్లీలీటర్ల తాగునీటిలో ఈ-కోలై అనే క్రిమి ఒక్కటి కూడా కనబడకూడదు. ఈ-కోలై మనుషుల, పశువుల పేగులలో ఉంటుంది. అది నీటిలో కనబడిందంటే మలం కలిసిందని గుర్తు. దాని వెనుక కలరా, టైఫాయిడ్, పచ్చకామెర్లు తెచ్చే క్రిములు కూడా వచ్చే అవకాశం ఉంది. ఈ పరీక్షకు నీటిని శుభ్రమైన సీసాలో పట్టి, చల్లగా ఉంచి ల్యాబ్‌కు పంపాలి. అక్కడ క్రిములకు ఆహారం వేసి, వెచ్చగా ఉంచి, పెరిగేదాకా ఎదురుచూడాలి. దీనికి 24 నుండి 48 గంటలు పడుతుంది. ఇది నమ్మదగిన పరీక్షే. కాని ఫలితం వచ్చేసరికి ఆ నీళ్లు ఇంటిల్లిపాదీ తాగేసి ఉంటారు. పసిపిల్లకు విరేచనాలు పట్టుకుంటే రెండు రోజులు చాలా ఎక్కువ సమయం.

సూక్ష్మదర్శినితో చూస్తే సరిపోదా?

కంటికి కనబడని దానిని వెతికి పట్టుకోవడంలో మన ఊరికి ఒక చరిత్ర ఉంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో డాక్టర్ రొనాల్డ్ రాస్ అనాఫిలిస్ దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని సూక్ష్మదర్శిని కింద చూశాడు. దోమ ద్వారా మలేరియా వస్తుందనడానికి అది తొలి గట్టి ఆధారమైంది. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన పని చేసిన బేగంపేట భవనం ఈనాటికీ ఆయన పేరుతోనే ఉంది.

మలేరియా క్రిమిని దాని ఆకారం, లోపలి నల్లని రేణువులను బట్టి రాస్ పోల్చుకోగలిగాడు. నీటిలోని బ్యాక్టీరియా విషయంలో అది కుదరదు. హాని చేసేది, చేయనిది రెండూ సూక్ష్మదర్శిని కింద ఒకే తీరుగా చిన్న పుల్లముక్కల్లా కనబడతాయి. ఈ-కోలై పొడవు మిల్లీమీటరులో సుమారు 500వ వంతు మాత్రమే. అందుకే ల్యాబ్‌లో వాటిని పెంచి గుర్తించే పద్ధతి వచ్చింది. 1884లో రాబర్ట్ కోక్ కలకత్తాలో కలరా క్రిమిని గుర్తించింది ఇలా పెంచే పద్ధతులతోనే. 1887లో ఆయన సహాయకుడు పెట్రీ మూత ఉన్న గాజు పళ్లెం తయారుచేశాడు. ఈనాటికీ అన్ని ల్యాబ్‌లలో వాడేది దానినే.

కాని ఇక్కడ ఇంకొక చిక్కు ఉంది. మట్టిలో, చెరువులో ఉండే క్రిములలో పళ్లెంలో పెరిగేవి చాలా కొద్ది. నూటికి ఒకటి అని సాధారణంగా చెబుతారు. మిగిలినవి మన ల్యాబ్ ఆహారాన్ని ముట్టవు. పళ్లెం మీదనే ఆధారపడితే ఎక్కువ భాగం క్రిముల సంగతి మనకు తెలియకుండానే పోతుంది.

చిప్ అంటే ఏమిటి?

ఇక్కడ చిప్ అంటే కంప్యూటర్‌లోని చిప్ కాదు. గాజు, ప్లాస్టిక్, సిలికాన్, చివరికి కాగితంతో కూడా చేసిన చిన్న పలక. దానిలో సన్నని కాలువలు, చిన్న చిన్న గుంటలు ఉంటాయి. కొన్నిటిలో కాలువ వెడల్పు మన వెంట్రుక మందమే ఉంటుంది. ఒక చుక్క నీరు వేస్తే అది ఆ కాలువల వెంట పోయి, మందులతో కలిసి, వేడెక్కి, చివరకు రంగుగానో వెలుగుగానో జవాబు చెబుతుంది. ల్యాబ్‌లో నాలుగు బల్లల మీద జరిగే పని ఒకే పలక మీద జరుగుతుంది. అందుకే దీనికి ల్యాబ్ ఆన్ ఎ చిప్ అని పేరు.

కాగితపు చిప్ చాలా సులువైనది. దీపపు వత్తి నూనెను పీల్చుకున్నట్లు కాగితమే నీటిని పీల్చుకుని నడిపిస్తుంది. పంపు అక్కరలేదు, కరెంటు అక్కరలేదు. 2007లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో జార్జ్ వైట్‌సైడ్స్ బృందం ఇటువంటి కాగితపు పరికరాలను చూపించిన తరువాత ప్రపంచమంతటా వాటిమీద పని పెరిగింది.

చిన్నదైతే లాభం ఏమిటని అడగవచ్చు. పెళ్లి గుండిగలో నీళ్లు కాగడానికి గంట పడుతుంది, చిన్న గిన్నెలో గ్లాసుడు నీళ్లు రెండు మూడు నిమిషాలలో కాగుతాయి. చిప్‌లో చుక్క కూడా అంతే. త్వరగా వేడెక్కి త్వరగా చల్లారుతుంది. ఖరీదైన మందులు కొద్దిగానే ఖర్చవుతాయి. బ్యాటరీతో నడపవచ్చు, సంచిలో పెట్టుకుని బస్తీకి తీసుకుపోవచ్చు.

చిప్‌లు చేసే మూడు పనులు

మొదటిది, ఒక క్రిమి ఉందా లేదా అని చెప్పడం. ప్రతి జీవికీ తనదైన డీఎన్ఏ ఉంటుంది. పీసీఆర్ అనే పద్ధతిలో చుక్కను మార్చి మార్చి వేడిచేసి, చల్లార్చి, మనం వెతికే డీఎన్ఏ ముక్కను ప్రతిసారీ రెట్టింపు చేస్తారు. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతుంది. ఇలా 30 సార్లు జరిగితే ఒక్క ముక్క సుమారు 107 కోట్లు అవుతుంది. అప్పుడు యంత్రం దానిని సులువుగా గుర్తుపడుతుంది.

మన పాఠకులలో కొందరు ఇటువంటి చిప్‌ను తెలియకుండానే చూసి ఉంటారు. క్షయ అనుమానం ఉన్నవారి తెమడను పరీక్షించే ట్రూనాట్ యంత్రంలో వాడేది చిన్న పీసీఆర్ చిప్పే. బెంగళూరు, గోవాలలో రూపుదిద్దుకున్న ఈ భారతీయ యంత్రం బ్యాటరీతో నడుస్తుంది. క్రిమి డీఎన్ఏను వేరుచేసి చిప్‌లో వేసిన తరువాత సుమారు గంటలో ఫలితం చెబుతుంది. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని క్షయ నిర్ధారణకు ఆమోదించింది. అదే ఏడాది మన దేశంలో కోవిడ్ పరీక్షలకు కూడా దీనిని విరివిగా వాడారు. ఇది రోగి నుండి తీసిన నమూనాకు వాడేదే తప్ప కుళాయి నీటికి కాదు. కాని పెద్ద ల్యాబ్‌లో జరిగే పని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం బల్లమీద జరగగలదని ఇది నిరూపించింది. నీటికి కూడా అటువంటిది రావాలన్నదే ఇప్పటి ప్రయత్నం.

రెండవది, ఎవరెవరు ఉన్నారో జాబితా చెప్పడం. గోరంత గాజు మీద వేలాది రకాల క్రిముల డీఎన్ఏ ముక్కలను వరుసగా చుక్కలుగా అమర్చుతారు. నీటి నమూనాలోని డీఎన్ఏ తన జత దొరికిన చుక్కకు అతుక్కుని మెరుస్తుంది. మెరిసిన చుక్కలను చదివితే హాజరుపట్టీ చదివినట్లే. కాలిఫోర్నియాలోని బర్కిలీ ల్యాబ్ తయారుచేసిన ఫైలోచిప్ ఇటువంటిది. 2010లో మెక్సికో సింధుశాఖలో చమురు బావి పేలి సముద్రంలోకి నూనె పొంగినప్పుడు, లోతు నీటిలో నూనెను తినే బ్యాక్టీరియా పెరిగిందని ఈ చిప్ సాయంతో తెలుసుకున్నారు. క్రిములన్నీ శత్రువులు కావని, దేవుని సృష్టిలో శుభ్రం చేసే పని కూడా వాటికే అప్పగించబడిందని దీనిని బట్టి తెలుస్తుంది.

మూడవది, ల్యాబ్‌లో పెరగని వాటిని పెంచడం. దీనికి వచ్చినదే ఐచిప్. అమెరికాలోని బోస్టన్‌లో ఉన్న నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయంలో స్లావా ఎప్‌స్టీన్ బృందం 2010లో దీనిని ప్రకటించింది. ఉపాయం చాలా సులువు. చిన్న ప్లాస్టిక్ పలకకు వందలాది రంధ్రాలు ఉంటాయి. మట్టిని బాగా పలుచన చేసి, ఒక్కో రంధ్రంలో సుమారు ఒక్కో క్రిమి పడేటట్లు నింపుతారు. రెండు వైపులా సన్నని పొర అంటిస్తారు. క్రిమి ఆ పొరను దాటి పోలేదు, ఆహారం మాత్రం లోపలికి రాగలదు. తరువాత ఆ పలకను తిరిగి అదే మట్టిలో పాతిపెడతారు. ల్యాబ్ ఆహారం ముట్టని క్రిమి తన సొంత మట్టిలో తన భోజనం తాను తిని పెరుగుతుంది.

ఇలా పెంచిన క్రిములలో ఒకదాని నుండి 2015లో టీక్సోబాక్టిన్ అనే కొత్త యాంటీబయాటిక్‌ను ప్రకటించారు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రపు మట్టిలో దొరికిన క్రిమి అది. మామూలు మందులకు లొంగని స్టాఫిలోకాకస్‌ను, క్షయ క్రిమిని కూడా ఇది ల్యాబ్‌లో చంపింది. ఇది ఇంకా మందుల షాపులోకి రాలేదు. ఈ-కోలై వంటి వాటిమీద పనిచేయదు కూడా. అయినా వెతకవలసిన చోటు ఎంత ఉందో ఇది చూపించింది.

మట్టిలో మందు వెతకడం తెలుగువారికి కొత్త కాదు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహించిన కాలంలోనే, అక్కడి వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డుగ్గర్ మిస్సోరి పొలపు మట్టిలోని క్రిమి నుండి ఆరియోమైసిన్ కనుగొన్నారు. 1948లో ప్రకటించిన ఆ మందే టెట్రాసైక్లిన్ జాతి మందులకు మొదటిది. అప్పట్లో పళ్లెంలో పెరిగే క్రిములను మాత్రమే వెతకగలిగారు. పెరగని వాటిని వెతికే అవకాశం ఇప్పుడు చిప్ ఇస్తున్నది.

మన నగరానికి దీని అవసరం

కొత్త యాంటీబయాటిక్‌లు ఎందుకంత అవసరమో మన చుట్టుపక్కల నీటిని చూస్తే తెలుస్తుంది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే కేంద్రం నుండి బయటకు వచ్చే నీటిని పరీక్షించింది. లీటరులో 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్ససిన్ కనబడింది. ఆ మందు వాడుతున్న రోగి రక్తంలో ఉండేదానికంటే ఇది ఎన్నో రెట్లు ఎక్కువ. అటువంటి నీటిలో బలహీనమైన క్రిములు చచ్చి, మందుకు లొంగనివి మిగిలి పెరుగుతాయి. అక్కడి వాగుల అడుగు మట్టిలో మందుకు లొంగని జన్యువులు ఎక్కువగా ఉన్నట్లు 2011లో ప్రచురించిన అధ్యయనం తెలిపింది. అటువంటి క్రిమి రోగికి సోకితే డాక్టరు రాసిన మాత్ర పనిచేయదు. కాబట్టి వాగులో ఏ క్రిమి ఉందో తెలుసుకోవడం శాస్త్రవేత్తల ముచ్చట మాత్రమే కాదు, మన వార్డులోని మంచానికి సంబంధించిన విషయం.

మురుగు కూడా మనకు ముందుగా వార్త చెప్పగలదు. 2020లో హబ్సిగూడ దారిలోని సీసీఎంబీ, తార్నాకలోని ఐఐసీటీ శాస్త్రవేత్తలు హైదరాబాద్ మురుగు శుద్ధి కేంద్రాల నీటిలో కరోనా వైరస్ ఆనవాళ్లను లెక్కించారు. అంతకుముందు సుమారు నెల రోజులలో నగర జనాభాలో 6 శాతానికి పైగా, అంటే 6 లక్షలకు పైగా మందికి వైరస్ సోకి ఉండవచ్చని ఆ ఆగస్టులో అంచనా వేశారు. అది పెద్ద ల్యాబ్‌లో, పెద్ద యంత్రాలతో చేసిన పని. అదే పనిని కాలువ గట్టునే చేయగలిగితే ఏ బస్తీలో కలరా మొదలవుతున్నదో ఆసుపత్రి నిండకముందే తెలుస్తుంది.

ఆ దిశలో పని మన దగ్గరే జరుగుతున్నది. శామీర్‌పేట దగ్గరి బిట్స్ పిలానీ హైదరాబాద్ ప్రాంగణంలో ప్రొఫెసర్ సంకేత్ గోయల్ నడిపే ల్యాబ్ సన్నకాలువల చిప్‌ల మీద, డీఎన్ఏను పెంచే చిన్న పీసీఆర్ పరికరాల మీద పరిశోధన చేస్తున్నది.

చిప్ చేయలేనివి

గొప్పలు మాత్రమే చెప్పి ఊరుకోవడం సరికాదు. చిప్‌లో పట్టేది చుక్క మాత్రమే. బిందెడు నీటిలో పది క్రిములు ఉంటే ఆ చుక్కలో ఒక్కటి కూడా పడకపోవచ్చు. కాబట్టి ముందు ఎక్కువ నీటిని వడపోసి, క్రిములను ఒకచోటికి చేర్చాలి. ఆ పని ఇంకా చేతితోనే ఎక్కువగా జరుగుతున్నది. మట్టిలో, మురుగులో ఉండే కొన్ని పదార్థాలు పీసీఆర్‌ను అడ్డుకుంటాయి. అప్పుడు క్రిమి ఉన్నా లేదని చెప్పే ప్రమాదం ఉంది. క్లోరిన్‌తో చచ్చిన క్రిమి డీఎన్ఏ కొంతకాలం నీటిలో మిగలవచ్చు. అప్పుడు చచ్చినదానిని కూడా చిప్ ఉన్నట్లే చూపించవచ్చు. అందుకే చిప్‌లు వచ్చినా పళ్లెం పరీక్షను ఎవరూ మానలేదు. చిప్ త్వరగా హెచ్చరిస్తుంది, పళ్లెం నిర్ధారిస్తుంది.

అందాకా మన ఇంట్లో

చిప్ మన వాడకు వచ్చేదాకా చేతిలో ఉన్న మార్గాలు తక్కువేమీ కాదు.

1. నీళ్లు తెర్లకాగిన తరువాత కనీసం ఒక నిమిషం మరగనివ్వండి. వెచ్చబడితే చాలదు. చల్లారిన తరువాత అదే గిన్నెలో మూతపెట్టి ఉంచండి.

2. క్లోరిన్ బిళ్లలు వాడేవారు పెట్టెమీద రాసిన కొలత ప్రకారం వేసి, అరగంట ఆగి తాగండి. మడ్డి నీరైతే ముందు వడగట్టండి.

3. గ్లాసు, చేయి బిందెలో ముంచవద్దు. పొడవు కాడ ఉన్న గరిటెతో తీసుకోండి, లేదా కుళాయి ఉన్న పాత్ర వాడండి.

4. కుళాయి నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. క్లోరోస్కోప్ అనే చిన్న పెట్టెతో రంగు చూసి దీనిని నిమిషంలో చెప్పవచ్చు. మీ కాలనీలో పరీక్షించమని జలమండలి సిబ్బందిని అడగండి.

5. నల్లబడే సీసా పరీక్ష గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు 1982లో ప్రచురించినది. మందు కాగితం ఉన్న సీసాలో నీరు పోసి వెచ్చని చోట ఉంచితే, మలం కలిసిన నీరు సాధారణంగా ఒక రోజులోపు నల్లబడుతుంది. సంఘములోని యౌవనస్థులు వాడవాడలా చేయదగిన పరీక్ష ఇది. నల్లబడితే ఆ నీరు తాగవద్దు, వెంటనే ఫిర్యాదు చేయండి.

6. నీళ్లు వాసన వచ్చినా, ఒకే వీధిలో ఇద్దరు ముగ్గురికి విరేచనాలు పట్టుకున్నా ఎదురుచూడకండి. రోగికి ఓఆర్‌ఎస్ తాగిస్తూ ఆసుపత్రికి తీసుకురండి. పసిపిల్లలకు తల్లిపాలు ఆపవద్దు.

7. యాంటీబయాటిక్ మాత్రలు డాక్టరు రాస్తేనే, రాసినన్ని రోజులు వాడండి. మిగిలినవి కాలువలో పారవేయవద్దు, పక్కింటివారికి ఇవ్వవద్దు.

ఎలీషా అడిగినది క్రొత్త పాత్ర, కాస్త ఉప్పు. ఇంట్లో దొరికే వస్తువులతోనే దేవుడు ఆ నీటిని బాగుచేశాడు. మరిగించే గిన్నె, మూత ఉన్న బిందె, క్లోరిన్ బిళ్ల మన ఇళ్లలో ఉన్నవే. వీటిని ఈ రోజే వాడుకుందాం. పక్క వీధిలోని పసిబిడ్డ తాగేదీ అదే పైపు నీళ్లు కాబట్టి, మనకు తెలిసిన ఈ సంగతులు ఆ ఇంటివారికి కూడా చెబుదాం.